వలస అంటే పోవడమా, రావడమా?

మొన్న ఒకాయన "మీ శ్రీకాకుళం వైపు ఊళ్ళ పేర్లలోనే వలస ఉంది, ఇంక జనం ఊళ్ళో ఎందుకుంటారు?" అని జోకేశారు. నేనూ నవ్వాను. జవాబు మాత్రం బాకీ ఉండిపోయింది.

మాది పర్లాకిమిడి దగ్గర, ఒడిశా గజపతి జిల్లా. పెద్ద ఊరికి శివారు పల్లె. పేరు చివర వలస. (పూర్తి పేరు రాయను, ముందున్నది మా ఇంటిపేరే.) ఆమదాలవలస, కొత్తవలస అయితే రైలెక్కిన ప్రతివాళ్ళకీ తెలుసు. అవి కాక శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు ఇలాంటి పల్లెలు కొల్లలు.

బ్రౌన్ నిఘంటువు చూస్తే శత్రుసేనకు భయపడి ఇల్లు విడిచి పారిపోవడం అనే అర్థం కనిపిస్తుంది. ఊరి పేరుకి అది అతకదు. వలసపోయారు అంటాం, వలసవచ్చారు అనీ అంటాం. దిక్కు చెప్పేది పక్కనున్న క్రియ. వలసకి సొంత దిక్కు లేదు. పేరులో క్రియ ఉండదు కాబట్టి, ఎవరు పిలిచారో వాళ్ళ వైపు నుంచి చూడాలి. వచ్చినవాళ్ళు తమ గుడిసెల్ని వలస అనుకోరు కదా! పక్క ఊరివాళ్ళే "ఫలానా వాళ్ళ వలస" అని ఉంటారు. అంటే మా పల్లెకి పేరు పెట్టింది మేం కాదు, పొరుగువాళ్ళు.

ఇంకోటి. మా మామ్మ వలస అంటే ప్రయాణం అని కాదు, ఆ వచ్చిన జనమే అన్నట్టు మాట్లాడేది. "మన వలస గెడ్డ దాటి ఈ గరువు మీద దిగింది రా" అనేది. (గెడ్డ అంటే వాగు, గరువు అంటే మెట్ట నేల.) మూడు కావిళ్ళట. ఒకదాంట్లో చోడి (రాగి) విత్తనం, ఒకదాంట్లో కుండలు. మూడోదాంట్లో ఒక వైపు చంటిపిల్ల, రెండో వైపు పోలమ్మ తల్లి రాయి.

ఇక మీరడిగినవీ, నా జవాబులూ:

— మా రాయగడ వైపు బోర్డుల మీద 'బలస' అని కనిపిస్తుందండీ. అది వేరే మాటా?

అదే మాటండీ. ఒడియాలో మన వకారానికి కూడా మామూలుగా బ అక్షరమే రాస్తారు. పలకడమూ బ అనే. దీంతో మా అబ్బాయికి పెద్ద టెన్షన్. ఒక సర్టిఫికెట్‌లో వ, ఇంకోదాంట్లో బ పడింది. ఆఫీసులో "ఇవి రెండు ఊళ్ళు" అన్నారు. ఒకే చింతచెట్టు కింద రెండు ఊళ్ళు ఎలా ఉంటాయో!

— 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మీవాళ్ళు ఇటు ఆంధ్ర వైపు రావాలనుకోలేదా మాస్టారూ?

పర్లాకిమిడి ఒరిస్సాలో కలవగానే గిడుగు రామమూర్తి గారు ఊరు విడిచి రాజమండ్రి చేరారు. అన్నేళ్ళు అక్కడే పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని, ఆ వయసులో ఇల్లు మార్చడం అంటే మాటలు కాదు. మావాళ్ళది వేరే లెక్క. మా ముత్తాతకి ఉన్నది ఏదుం నేల. ఏదుము అంటే ఐదు తూములు, పుట్టిలో నాలుగో వంతు. మావైపు విత్తనంతోనే నేలను కొలిచేవారు. ఐదు తూముల గింజలు పట్టే మడి అన్నమాట. గింజలైతే కావిట్లో పడతాయి, మడి పట్టదు. ఉండిపోయారు.

— పెద్ద ఊరివాళ్ళు ఇప్పటికీ మిమ్మల్ని వలసవాళ్ళు అంటారా?

అంటారు. కోపం ఏం లేదు, పెళ్ళి పిలుపుల్లో కూడా అదే మాట. మావాళ్ళూ "మేం వలసోళ్ళం" అనే చెప్పుకుంటారు. ఈ తరం పిల్లలు చెన్నై, హైదరాబాద్ పనులకి పోతున్నారు కదా, వాళ్ళని అడిగితే మాత్రం ఊరి పేరుకి అర్థం ఇంకోలా చెబుతారు.

— ఆ పోలమ్మ రాయి ఇంకా ఉందా?

ఉంది. ఒకటి కాదు, రెండు. పిల్ల బరువుకి అమ్మవారి రాయి తూగలేదట. దారిలో గెడ్డలోంచి ఇంకో రాయి తీసి పక్కన వేశారు. దించేటప్పటికి ఏది అమ్మవారో, ఏది తూకం రాయో తెలియలేదు. రెండింటికీ పసుపు రాస్తున్నాం.