సెకండ్ హ్యాండ్ కారు స్టీరింగ్ మాటిమాటికీ బిగుసుకుపోతోంది, వారంటీ వర్తించదంటున్నారు, ఏం చేయాలి?

అరండల్‌పేట_కుర్రాడు:
అందరికీ నమస్కారం, మాది గుంటూరు. సంక్రాంతి ముందు విజయవాడలో పాత కార్లు అమ్మే ఒక షోరూంలో 2019 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ 4 లక్షల 80 వేలకు తీసుకున్నాను. ఏడాది వారంటీ అన్నారు, తనిఖీ రిపోర్టు అని ఒక బుక్కు చేతిలో పెట్టారు, అందులో స్టీరింగ్ ఎదురుగా పచ్చ టిక్కు, చివరి పేజీలో 'వరదలో మునగని బండి' అని స్టాంపు కూడా ఉంది. నెల తిరగకముందే గోల మొదలైంది. బాగానే పోతూ పోతూ ఏదో ఒక మలుపు దగ్గర మీటర్‌లో పసుపు రంగు స్టీరింగ్ లైటు వెలుగుతుంది, అంతే, రెండు చేతులా బలమంతా పెట్టి లాగితే గానీ తిరగదు. బండి ఆపి, కీ తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు మామూలైపోతుంది. కాజ టోల్‌గేట్ దాటాక పక్కన లారీ ఉండగా ఒకసారి ఇలాగే అయింది, మా ఆవిడ అప్పటి నుంచి కారెక్కనంటోంది.

షోరూం వాళ్లు మొదట ఏమీ లేదన్నారు, తర్వాత బ్యాటరీ మార్చారు, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేసి పంపారు. మళ్లీ అదే కథ. ఇప్పుడేమో కనెక్టర్‌లోకి నీళ్లు వెళ్లాయి, స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం కిందుండే కడ్డీ భాగం) మొత్తం మార్చాలి, 42 వేలవుతుంది, నీళ్ల వల్ల వచ్చింది కాబట్టి వారంటీ వర్తించదు అంటున్నారు. నేను బండిని నీళ్లలోకి దించిందే లేదు. గట్టిగా అడిగితే అసలు వారంటీ ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కే అని కొత్త పాట. కట్టేసి వదిలించుకోవాలా, పోట్లాడాలా?

స్పానర్_సత్తెనపల్లి:
అన్నా, ముందు హైవే ఎక్కడం మానెయ్. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లో మోటార్ ఆగిపోయినా చక్రాలకీ స్టీరింగ్‌కీ మధ్య రాడ్డు ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది, కానీ స్పీడ్‌లో ఉన్నట్టుండి బరువెక్కితే చెయ్యి తడబడుతుంది.

అలైన్‌మెంట్‌కీ దీనికీ సంబంధమే లేదు, ఊరికే చేశారు. బ్యాటరీ మార్చడం మాత్రం పూర్తిగా తప్పు కాదు, ఎందుకంటే వోల్టేజ్ పడిపోతే కంట్రోలర్ ముందుగా స్టీరింగ్ మోటార్‌నే ఆపేస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్ పెడితే 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి, అది సరిగ్గా ఉంటే బ్యాటరీ, దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ సంగతి వదిలెయ్. మిగిలేవి ఎర్త్ వైరు, కనెక్టర్లు, టార్క్ సెన్సర్. నువ్వు స్టీరింగ్ ఎంత బలంగా తిప్పుతున్నావో మోటార్‌కి చెప్పేది ఆ సెన్సరే. అది కాలమ్‌లోనే ఇమిడి ఉంటుంది కాబట్టి చాలా బండ్లకు విడిగా దొరకదు, అందుకే మొత్తం మార్చాలంటారు.

స్కానర్ పెట్టించి అది చూపించే ఎర్రర్ కోడ్ ఫోటో తీసుకో. కోడ్ చెరిపేయనివ్వకు, బయటి మెకానిక్‌తో కనెక్టర్లు పీకించకు. పీకిస్తే 'బయటివాళ్లు చెయ్యిపెట్టారు' అని ఇంకో వంక దొరుకుతుంది వాళ్లకి.

ఒక పని చెయ్యి. టార్చ్ పట్టుకుని డ్రైవర్ కాళ్ల దగ్గర పడుకుని డ్యాష్‌బోర్డు కిందకి చూడు, కనెక్టర్ పిన్నుల చుట్టూ ఆకుపచ్చ చిలుము కనిపిస్తోందా? సీటు బెల్టు చివరిదాకా లాగు, లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద మరక ఉందా? సీట్లు, కార్పెట్ అందరూ కడిగిస్తారు, బెల్టు మొత్తం లాగి కడిగేవాడు తక్కువ.

బెజవాడ_బాబాయ్:
విజయవాడ బండి అనగానే నాకు 2024 సెప్టెంబరే గుర్తొస్తుంది. బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో ఎన్ని కార్లు మునిగాయో కళ్లారా చూశాం. ఏపీ39 సిరీస్ వచ్చాక నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పలేం కదా, పాత ఆర్‌సీ జిరాక్స్ మీద అడ్రస్ చూడండి. పాత ఓనర్ ఇన్సూరెన్స్ పాలసీ ఫైల్లో ఉంటే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత ఉందో కూడా చూడండి. 2019 నుంచి ఒకే ఓనర్ దగ్గరుండి ఒక్క క్లెయిమ్ కూడా లేకపోతే ఈపాటికి అది 50 శాతానికి చేరాలి. వరద తర్వాత చేసిన రెన్యువల్‌లో సున్నా ఉందంటే అంతకుముందు ఏడాది ఏదో క్లెయిమ్ అయి ఉండొచ్చు. అదొక్కటే రుజువు కాదనుకోండి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సర్వీస్ హిస్టరీ తీయించాలి.

ప్లీడర్_గుమాస్తా:
అసలు విషయం ఎవరూ పట్టుకోలేదు. "నీళ్లు వెళ్లాయి, అందుకే వారంటీ లేదు" అన్న మాట మీకు వరం. 'మునగని బండి' అని స్టాంపు వేసి అమ్మింది వాళ్లే, నీళ్లు వెళ్లాయంటున్నదీ వాళ్లే. ఆ మాట నోటితో కాదు, జాబ్ కార్డు మీదో ఎస్టిమేట్ మీదో రాయించుకోండి, లేదంటే ఈమెయిల్‌లో అడగండి. మీరే వానలో తిప్పి పాడుచేశారని రేపు ఎదురుతిరుగుతారు, అప్పుడు బెల్టు మీద బురద, సర్వీస్ హిస్టరీ పనికొస్తాయి. ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రకటన స్క్రీన్‌షాట్ ఇవాళే తీసుకోండి, రేపటికి ఉండకపోవచ్చు.

వారంటీ ఇంజన్‌కే అని పుస్తకంలో నిజంగానే ఉన్నా, లోపం దాచి అమ్మడం వేరే ఫిర్యాదు, దానికి వారంటీ షరతు అడ్డు రాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే చోటే కేసు వేయొచ్చు, అంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. కట్టిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, చాలా మంది అమ్మకందార్లు అక్కడే దారికొస్తారు. అయితే బండిని టాక్సీగా తిప్పుతుంటే లెక్క మారుతుంది. షోరూంలో కాకుండా పక్కింటాయన దగ్గర కొన్నా ఈ దారి దాదాపు మూసుకున్నట్టే.

యార్డ్_మాజీ:
నేను ఈ వ్యాపారంలో కొన్నాళ్లు ఉన్నాను, కాబట్టి కొంచెం చేదుగా చెబుతా. కేసు వేయండి, కానీ కేసు తేల్చడానికి చట్టంలో మూడు నెలలు, టెస్టింగ్ కావాలంటే ఐదు నెలలు అని రాసుంది కదా అని క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోకండి. రిపేరు అడగొద్దు, బండి వెనక్కి తీసుకోమనండి. మునిగిన బండికి ఇవాళ కాలమ్ మారిస్తే రేపు ఇంకో కనెక్టర్, ఎల్లుండి ఎయిర్‌బ్యాగ్ లైటు. కొంచెం తగ్గించి ఇస్తామంటారు, ఎంత తగ్గితే ఒప్పుకుంటారో ఇంట్లో ముందే అనుకుని వెళ్లండి. మేనేజర్ లేడంటే సేల్స్ కుర్రాడి మీద అరవకండి, వాడి చేతిలో ఏమీ ఉండదు.

స్పానర్_సత్తెనపల్లి:
దీనికి నేను సగమే ఒప్పుకుంటా. చిలుము ఒక్క కనెక్టర్‌కే ఉంటే అది ఏసీ నీళ్లో, వైపర్ కింద నుంచి కారిన వాన నీళ్లో కావచ్చు, బండంతా పోయినట్టు కాదు. బెల్టు చూశాకే మాట్లాడుకుందాం. ఒకవేళ కాలమ్ మార్పించాల్సి వస్తే పాత కాలమ్ మాత్రం వాళ్లకి వదలకు అన్నా, కమిషన్ పరీక్షకు పంపమంటే చూపించడానికి అదే ఉండాలి.

అరండల్‌పేట_కుర్రాడు:
చూశాను. డ్రైవర్ బెల్టు శుభ్రంగానే ఉంది, వెనక సీటు బెల్టు రెండూ చివర జానెడు మేర మట్టి రంగులో, గట్టిగా అట్టకట్టి ఉన్నాయి, గోటితో గీకితే పొడి రాలింది. వీడియో తీశాను. పాలసీలో బోనస్ సున్నానే ఉంది. ఎస్టిమేట్ మీద 'వాటర్ ఎంట్రీ' అని రాసివ్వమంటే సర్వీస్ అడ్వైజర్ ఏ అనుమానం లేకుండా సంతకం పెట్టి ఇచ్చాడు, పాపం. సర్వీస్ హిస్టరీకి అడిగితే ఆర్‌సీ నా పేరు మీదకు మారిన కాపీ తెమ్మన్నారు.

ప్లీడర్_గుమాస్తా:
ఆ ఎస్టిమేట్‌ను ఇవాళే రెండు జిరాక్సులు తీయించండి. షోరూంకి నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి, అందులో మొత్తం ధర, ఆర్‌సీ ఖర్చు, ఇన్సూరెన్స్ కలిపి అడగండి. 42 వేల ప్రస్తావన కారణంగా రాయండి, డిమాండ్‌గా కాదు.