1:64 ఎస్ స్కేల్‌లో మన స్టేషన్ బిల్డింగులు ఎక్కడైనా దొరుకుతున్నాయా?

మాచర్ల_ప్యాసింజర్
అందరికీ నమస్కారం. చిన్నప్పుడు తాతగారి ఊరికి మాచర్ల లైన్లో మీటర్ గేజ్ బండి మీదే వెళ్ళేవాళ్ళం, అలాంటి బొమ్మ స్టేషనొకటి కట్టాలని ఇన్నాళ్ళకి కూర్చున్నా. 1:64 (అసలు దాంట్లో 64వ వంతు, ఎస్ స్కేల్) ఎందుకంటే హెచ్‌ఓ (1:87 బొమ్మ రైళ్ళు) పట్టాలే వేసుకోవచ్చు, వాటి పట్టాల మధ్య దూరం 16.5 ఎంఎం ని 64 తో గుణిస్తే 1056 ఎంఎం, మీటరుకి దగ్గరే కదా. ఆరడుగుల బల్ల మీద లూప్ లైనుతో సహా పట్టాలు పరిచేశా, ఇప్పుడు చిక్కంతా బిల్డింగులతోనే. హెచ్‌ఓ లో వెతికితే జర్మనీ పల్లెటూళ్ళు ఊళ్ళకి ఊళ్ళే దొరుకుతున్నాయి, ఎస్ లో వెతికితే ఉన్నవే కొన్ని, అవి కూడా అమెరికా డైనర్లూ ధాన్యం ఎలివేటర్లూ. నాక్కావలసింది పెంకుల వరండా ఉన్న చిన్న స్టేషను, గూడ్స్ షెడ్డు, నీళ్ళ ట్యాంకు, గేటు దగ్గర గది. కిట్ గానీ రెడీమేడ్ గానీ ఎవరైనా కొన్నారా? లోపల లైట్లు ఎలా పెడుతున్నారు, వేపచెట్లలాంటివి ఎక్కడ దొరుకుతాయి, అది కూడా చెప్పండి. ఉండేది డల్లాస్, సంక్రాంతికి గుంటూరు వస్తున్నా, అక్కడ దొరికేదైనా పర్లేదు.

గేజ్_పిచ్చోడు
1056 మీటర్ ఎలా అయింది బ్రో? మీటర్ గేజ్ 1:64 లో 15.6 ఎంఎం. నువ్వు దాదాపు 0.9 ఎక్కువ పెట్టావ్. కరెక్టుగా కావాలంటే 1:87 లో 12 ఎంఎం పట్టాల మీద చేస్కో, టీటీ అనే ఇంకో బొమ్మ రైళ్ళ స్కేల్ పట్టాలవే, 1044 వస్తుంది.

ఆక్లాండ్_ఆవకాయ
44 ఎక్కువుంటే దగ్గర, 56 ఎక్కువుంటే దూరమా, నువ్వేదో వెలగబెట్టినట్టు. పోస్ట్ పెట్టినాయనా, వీళ్ళ మాటలు పట్టించుకోకు. ఇక్కడ న్యూజిలాండ్‌లో సగంమంది ఆడేది ఈ ఆటే, 1:64 బళ్ళు హెచ్‌ఓ పట్టాల మీద. మా గేజ్ 1067 కాబట్టి 16.67 వస్తుంది, చక్కగా కూర్చుంటుంది. అందుకే ఇక్కడ ఈ స్కేల్‌లో కిట్లు దొరుకుతాయి, కాకపోతే అన్నీ చెక్క పలకల గోడలు, పైన రేకులు. మన స్టేషనుకి పనికొచ్చేది గూడ్స్ షెడ్డు ఒక్కటే, రేకుల షెడ్డు ఎక్కడైనా రేకుల షెడ్డే. నేను ఒకటి కొని సున్నం రంగేసి పక్కన తెలుగు బోర్డు పెట్టా, మా ఆవిడ చూసి ఇది తెనాలిలో చూశానంది.

పార్సిల్_బాధితుడు
కొనేముందు నా కథ విని కొనండి. నిరుడు ఒక ఆన్‌లైన్ సెల్లర్ దగ్గర 1:64 స్టేషన్ అని ఉంటే ఆర్డర్ పెట్టా. షిప్పింగు, దానిపైన కస్టమ్స్ డ్యూటీ, అన్నీ కలిపి అసలు ధర కంటే ఎక్కువయింది. డబ్బా విప్పి తలుపు కొలిస్తే 24 ఎంఎం. ఏడడుగుల తలుపు 1:64 లో 33 ఉండాలి కదండీ, 24 అంటే హెచ్‌ఓ. శుభ్రంగా 1:87 కిట్‌కి 1:64 అని స్టిక్కర్ వేసి అమ్మేశాడు. ఆరడుగుల మనిషి బొమ్మ 28 ఎంఎం చిల్లర ఉంటుంది, మా స్టేషన్ మాస్టారు లోపలికి పోవాలంటే నడుము వంచాల్సిందే. రిటర్న్ అడిగితే స్కేల్ ఉజ్జాయింపు అన్నాడు. కొనేముందు తలుపు ఎత్తు ఎంతో అడగండి, సెల్లర్ దానికి జవాబివ్వకపోతే అక్కడితో వదిలేయండి.

కాచిగూడ_కింగ్
గట్లెందుకు పరేషాన్ అవుతున్నరన్నా, హెచ్‌ఓ బిల్డింగుల్ని ఎనకకు పెట్టుర్రి. ముందట పట్టాలు, ఎనక గోడకాడ చిన్న స్కేల్ ఇండ్లు, దూరమున్నట్టే కొడ్తది. నేనైతే కాచిగూడ స్టేషన్ ముందటి భాగం ఒక్కటే చేస్తున్న, గా గుమ్మటాలు, కమాన్లు మొత్తం చేతితోటే. 1916 ల కట్టిన బిల్డింగ్ అది, కిట్ యాడ దొరుకుతది? గుమ్మటాలకు టేబుల్ టెన్నిస్ బాల్ సగం కోసిన. మూడేండ్లైంది, ఇంక సగం గాలే.

హాట్‌వీల్స్_హరి
1:64 అంటే టెన్షనే లేదు, హాట్ వీల్స్ అన్నీ 1:64 ఏ కదా. స్టేషన్ ముందు నాలుగు కార్లు పెట్టేయ్, సూపర్ ఉంటది. నా దగ్గర 600 పైన ఉన్నాయి.

గేజ్_పిచ్చోడు
హాట్ వీల్స్ 1:64 కాదు. ఎవరు చెప్పారు నీకు? కారైనా లారీ అయినా ఒకే సైజు ప్యాకెట్లో పట్టేలా చేస్తారు. చిన్న కారు పెద్దదవుతుంది, పెద్ద బండి చిన్నదవుతుంది. బస్సు పక్కన కారు పెట్టి చూడు, రెండూ ఒకే పొడవు.

హాట్‌వీల్స్_హరి
1968 నుంచి ప్రపంచమంతా 1:64 అంటోంది, నువ్వొక్కడివే కాదంటున్నావ్. పదేళ్ళ నుంచి కలెక్ట్ చేస్తున్నా నేను.

గేజ్_పిచ్చోడు
పదేళ్ళలో ఒక్కసారైనా వర్నియర్ పెట్టి కొలిచావా? అంబాసిడర్ అసలు బండి పొడవు 4.3 మీటర్లు, 64 తో భాగిస్తే 67 ఎంఎం రావాలి. కొలిచి మాట్లాడు.

హాట్‌వీల్స్_హరి
హాట్ వీల్స్‌లో కొలవడానికి నా దగ్గర అంబాసిడర్ ఎక్కడుంది? ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడటం. అడిగినాయన కారు గురించి అడగనే లేదు.

ఆక్లాండ్_ఆవకాయ
కారు తెచ్చింది నువ్వే కదయ్యా.

పాకాల_జంక్షన్
ఏం సామీ పొద్దున్నే మొదలుపెట్టినారు. నిఖార్సైన 1:64 కార్లు కావాలంటే మినీ జీటీ, టార్మాక్ వర్క్స్ లాంటి కంపెనీలవి చూసుకోండి, ధర కొంచెం ఎక్కువ. ఈ కార్ల పిచ్చోళ్ళ వల్ల మనకు ఒక మేలు జరిగింది, డయోరమాలకని (కార్ల చుట్టూ పెట్టే చిన్న సెట్టింగులు) 1:64 మనుషుల బొమ్మలు ఇప్పుడు బోలెడు వస్తున్నాయి. ముందు ఇన్ని లేవు. కాకపోతే అందరూ ఫోటోలు తీసేవాళ్ళూ, కారుకి ఆనుకుని నిలబడినోళ్ళూ. పంచె కట్టినోడు ఒక్కడూ లేడు, టిష్యూ పేపరు మీద ఫెవికాల్ రాసి నేనే కట్టిస్తున్నా. చీరకి ఇంకొంచెం ఓపిక కావాల.

లేజర్_లక్ష్మణ్
బిల్డింగ్ విషయానికొస్తే కొనడం మానేయండి, కట్ చేయించుకోండి. ప్రతి ఊళ్ళో నేమ్ బోర్డులు చేసేవాళ్ళ దగ్గర లేజర్ మెషీన్ ఉంటుంది, కోరెల్‌డ్రా ఫైలిస్తే ఎండీఎఫ్ (చెక్కపొట్టు పలక) కానీ అక్రిలిక్ కానీ కోసిస్తారు, నిమిషానికింత అని తీసుకుంటారు. నేను విజయవాడలో స్టేషన్ గోడలు మొత్తం గంటలోపే కోయించా. ఒకటే జాగ్రత్త, ఎండీఎఫ్ కి రెండు వైపులా ప్రైమర్ కొట్టకపోతే వానాకాలంలో ఉబ్బుతుంది. నా మొదటి గూడ్స్ షెడ్డు ఆగస్టుకల్లా అప్పడంలా వంకర్లు పోయింది.

పార్సిల్_బాధితుడు
లేజర్ సరే, డ్రాయింగ్ ఎవరిస్తారు? అసలు కష్టం అదే. ఫోటో చూసి గీస్తే కిటికీలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది.

రిటైర్డ్_ఐఓడబ్ల్యూ
అందరూ ఒకసారి ఆగండి. నేను రైల్వే ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్‌లో 34 ఏళ్ళు చేశాను. మా రోజుల్లో ఐఓడబ్ల్యూ అనేవాళ్ళు, ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్. మీరు బొమ్మలుగా చేసే స్టేషన్లకి సున్నాలు వేయించింది, పెంకులు మార్పించింది మేమే. డ్రాయింగ్ దొరకలేదని ఏడవక్కర్లేదు, ఇటుకలు లెక్కపెట్టండి. మనకి ఇటుక, సున్నం కలిపి 9 అంగుళాలు. ఫోటోలో తలుపు పక్కన ఎన్ని ఇటుకలున్నాయో లెక్కపెడితే గోడ పొడవు వస్తుంది. పాత స్టేషన్లకి బయటి గోడ ఇటుకన్నర మందం, పదమూడున్నర అంగుళాలు. దాన్ని మీ 1:64 తో భాగిస్తే 5.4 ఎంఎం. అంటే బజార్లో దొరికే 5 ఎంఎం సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ పలక) తీసుకుంటే గోడ మందం దానంతటదే సరిపోతుంది, కిటికీ లోతు కూడా అసలు స్టేషనులాగే కనిపిస్తుంది. కిట్లలో గోడలు అట్టముక్కల్లా ఉంటాయి, అందుకే అవి ఎప్పటికీ మన స్టేషన్లలా ఉండవు. ఇంకో మాట, మీటర్ గేజ్ చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫారం పట్టాల మట్టానికే ఉండేది, ఎత్తు కట్టకండి. పైన నాపరాళ్ళు పరిచినట్టు చూపించండి.

మాచర్ల_ప్యాసింజర్
సార్ మీకు పాదాభివందనం. ఈ 5 ఎంఎం లెక్క నాకు తట్టనే లేదు. వరండా పెంకుల సంగతి కూడా చెప్పండి సార్.

గేజ్_పిచ్చోడు
5.4 కి 5 పెడితే 0.4 తేడా పర్లేదు, నేను 0.9 అంటే మాత్రం తప్పు. బాగుంది.

రిటైర్డ్_ఐఓడబ్ల్యూ
బాబూ, గోడ మీద బండి నడవదు. తేడా ఎక్కడ చూడాలో ఎక్కడ వదలాలో తెలియడానికే 34 ఏళ్ళు పట్టింది. నీ సంగతే చెప్తా విను, మీటర్ గేజ్‌లో పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క స్లీపరు 6 అడుగులు, 1:64 లో 28.6 ఎంఎం. హెచ్‌ఓ పట్టాల స్లీపర్లు 30 దగ్గర ఉంటాయి, పొడవు పర్లేదు. కానీ మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి, మధ్య మధ్యలో తీసేసి సర్దుకోవాలి. నువ్వు గేజ్ చూశావు కానీ స్లీపర్లు చూడలేదు.

కాచిగూడ_కింగ్
😂😂 సారు ఇచ్చిండు

పాకాల_జంక్షన్
పెంకుల గురించి నేను చెప్తా, నా వరండా చూసి ముగ్గురు అడిగినారు. బెంగుళూరు పెంకు ఒకటి 16 అంగుళాలు పొడవు, 9 అంగుళాల చిల్లర వెడల్పు. 1:64 లో ఆరున్నర ఎంఎం పొడవు, మూడున్నర పైన వెడల్పు. పిజ్జా డబ్బా తీసుకోండి, పై కాగితం నీళ్ళతో తడిపి నెమ్మదిగా ఒలిస్తే లోపల అలల కాగితం వస్తది. ఆ అలలు అటూఇటుగా పెంకు వెడల్పుకి సరిపోతాయి. ఆరున్నర ఎంఎం పట్టీలు కోసి ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా అంటించుకుంటూ పైకి పోవాల. రంగు మొత్తం ఎర్రగా కొట్టొద్దు, నల్లబడినవి, ఈ మధ్య మార్చినవి, నాచు పట్టినవి అన్నీ ఉండాల. మూడు పిజ్జాలు తినాల్సొచ్చింది.

ఆక్లాండ్_ఆవకాయ
ఓఓ (1:76, ఇంగ్లండ్ బొమ్మ రైళ్ళ స్కేల్) వాళ్ళ ప్రింట్ చేసుకునే అట్ట కిట్లు ఎవరూ చెప్పలేదేంటి? డౌన్‌లోడ్ చేసుకుని 119 శాతానికి పెంచి ప్రింట్ తీస్తే 1:64 అయిపోతుంది, హెచ్‌ఓ అయితే 136 శాతం. ఏ4 లో పట్టదు, ఏ3 ప్రింటు తీయించాలి. ముందే కోసి వచ్చే అట్ట కిట్లు పెంచలేం, అది గుర్తుపెట్టుకోండి. కట్టేవి ఇంగ్లండ్ బిల్డింగులే కానీ, రైల్వే కట్టడాలు మనకి వాళ్ళ దగ్గర్నుంచే వచ్చాయి కదా, చిమ్నీలు పీకేస్తే సగం పని అయిపోతుంది.

పార్సిల్_బాధితుడు
అవును, మందం మాత్రం పెరగదు. ప్రింట్ పెరిగి అట్ట పెరగకపోతే మూలల్లో సందులొస్తాయి, నేను అది కూడా తగలేశా.

కొండపల్లి_కోడలు
మా అత్తగారిది కొండపల్లి దగ్గరే. తెల్ల పొణికి చెక్కతో చేయించుకోండి, చాకుతో కోస్తే జామకాయలా తెగుతుంది, తేలిగ్గా ఉంటుంది. కొలతలతో కాగితమిస్తే గేటు గది చేసిపెట్టారు నాకు. కానీ రంగులు మాత్రం మనమే వేసుకోవాలి, వాళ్ళకి వదిలేస్తే గోడ పసుపు, తలుపు ఆకుపచ్చ, గేటుమ్యాన్‌కి తలపాగా, పక్కన ఏనుగు 😀 నేను సంక్రాంతికి బొమ్మల కొలువులో కింది మెట్టు మీద రైలు పెడతాను, ఎన్ స్కేల్ (హెచ్‌ఓ కంటే చిన్నది) చిన్న రౌండు. దశావతారాల కింద బండి తిరుగుతుంటే పేరంటానికొచ్చినవాళ్ళు దేవుళ్ళని వదిలేసి దాన్నే చూస్తారు.

హాట్‌వీల్స్_హరి
అక్కా కొలువులో రైలు ఫోటో పెట్టండి ప్లీజ్

కొండపల్లి_కోడలు
పెడతాను. నిరుడు పట్టాల మధ్య కంకరకి బొంబాయి రవ్వ వాడాను, ఆ ఫోటో మాత్రం పెట్టను, మూడో రోజుకి చీమలు బండిని లాక్కెళ్ళేలా ఉన్నాయి.

లేజర్_లక్ష్మణ్
రవ్వ ఎవరైనా వాడతారా అండీ. ఇసుక జల్లించుకోండి, టీ జల్లెడ చాలు.

కాచిగూడ_కింగ్
నేను రాగిపిండి వాడిన ఎర్రమట్టికి. గిప్పటిదాంక చీమ రాలే.

గేజ్_పిచ్చోడు
3డి ప్రింటింగ్ అని ఒకటుంది, 2 రోజుల్లో స్టేషన్ మొత్తం అయిపోతుంది. మీరు పిజ్జా డబ్బాలు ఒలుచుకోండి.

పాకాల_జంక్షన్
నువ్వు ప్రింట్ చేసినవి ఒక్కటి చూపించు సామీ.

గేజ్_పిచ్చోడు
ప్రింటర్ రిపేర్‌లో ఉంది.

మాచర్ల_ప్యాసింజర్
పాకాల గారు, ఐఓడబ్ల్యూ సార్ చెప్పినట్టే శని ఆదివారాలు కూర్చున్నా. ఫోటోలో ఇటుకలు లెక్కపెట్టి గోడలు కోసేశా, 5 ఎంఎం బోర్డు, తలుపు 33 ఎంఎం. ఆ కిటికీ లోతు చూసి నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మా తాత అక్కడే కూర్చుని బండి కోసం చూసేవాడు. ఒక డౌట్ సార్, పసుపు బోర్డు మీద ఊరి పేరు మూడు భాషల్లో రాశా, కింద సముద్ర మట్టం ఎత్తు రాయాలంటే మరీ చిన్న అక్షరాలు, బ్రష్‌తో రావట్లేదు.

రిటైర్డ్_ఐఓడబ్ల్యూ
బ్రష్ ఎందుకు, పసుపు కాగితం మీద ప్రింట్ తీసి అంటించు. అక్షరాలు నల్లగా ఉండాలి, నీలం కాదు. ఫోటో పెట్టు, వరండా స్తంభాలు సరిగ్గా నిలబెట్టావో లేదో చూస్తా.

మాచర్ల_ప్యాసింజర్
రేపు పెడతా సార్. లైట్ల సంగతి, వేపచెట్ల సంగతి ఎవరూ చెప్పలేదు, గుర్తుచేస్తున్నా.

సింగపూర్_శివ
హాయ్, ఇప్పుడే జాయిన్ అయ్యా. నా దగ్గర జపాన్ ఎన్ స్కేల్ బిల్డింగులు రెండున్నాయి, 1:150, ఒక గుడి, ఒక నూడుల్స్ షాపు. ఎవరికైనా కావాలా?