జపాన్ వీహెచ్ఎస్ టేపుల్లోని యానిమే: పైన బొమ్మ వంగుతోంది, చీకటి సీన్లు నల్లగా ముద్దయిపోతున్నాయి

1990ల్లో జపాన్ టీవీ నుంచి ఇళ్లలో రికార్డ్ చేసిన టేపులు ఇవి, ఆర్కైవ్ కోసం డిజిటల్‌లోకి మారుస్తున్నాం. 2 గంటల టీ-120లో 6 గంటలు పట్టే స్లో మోడ్‌లో ఎక్కించారు. "ఎపిసోడ్లు బ్లూ-రేలో ఉన్నాయిగా" అనకండి. ఆర్కైవ్‌కి కావాల్సింది మధ్యలోని ప్రకటనలు, స్పాన్సర్ కార్డులు, బొమ్మ మీదుగా పాకే భూకంప సమాచారం.

మా సెటప్: ఎస్-వీడియో వీసీఆర్, యూఎస్‌బీ క్యాప్చర్, 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్ (ఒక్కో ఫ్రేమూ సరి, బేసి లైన్ల రెండు సగాలుగా), ఎఫ్‌ఎఫ్‌వీ1 (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్), ఆడియో 48 కిలోహెర్ట్జ్ పీసీఎం.

పై అంచున కొన్ని లైన్లు జెండాలా పక్కకు వంగుతున్నాయి. ట్రాకింగ్ మార్చినా అంతే. ఫ్రేమ్ టీబీసీ (ఫ్రేముల టైమింగ్ సరిచేసే పరికరం) ఒక్కటే పెడితే పోలేదు. (వీసీఆర్ ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి మారేటప్పుడు అడుగున కనిపించే హెడ్ స్విచింగ్ చార గురించి కాదు, అది మామూలే.) మధ్యలో పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 డీవీడీ రికార్డర్ పెడితే చాలా, లేక లైన్ టీబీసీ (ఒక్కో లైన్ టైమింగ్ సరిచేసేది) ఉన్న వీసీఆరే కావాలా? ఈఎస్10 తెలుపుని కోసేయకుండా ఏం చేస్తున్నారు?

నలుపు సంగతి: జపాన్ సిగ్నల్లో నలుపు 0 ఐఆర్‌ఈ (వీడియో సిగ్నల్ స్థాయి కొలమానం), అమెరికాలో 7.5. క్యాప్చర్ కార్డ్ 7.5 అనుకుంటోంది కాబట్టి రాత్రి సీన్లలో నల్లజుట్టు వెనకున్న గోడలో కలిసిపోతోంది. క్యాప్చర్ అయ్యాక పెంచి లాభం లేదు, పోయింది పోయినట్టే. ముందే బ్రైట్‌నెస్ పెంచేటప్పుడు హిస్టోగ్రామ్‌లో (వెలుగు స్థాయిల గ్రాఫ్) 16 దగ్గర, అంటే డిజిటల్ నలుపు దగ్గర, దేన్ని ఆనవాలుగా పెట్టుకుంటారు? ప్రకటనకీ ప్రకటనకీ మధ్య వచ్చే నల్ల ఫ్రేమ్ సరిపోతుందా?

ఇంకొకటి. మాస్టర్ ఇంటర్‌లేస్డ్‌గానే ఉంచుతాం. చూసే కాపీకి 3:2 పుల్‌డౌన్ (24 ఫ్రేముల బొమ్మను 29.97కి సర్దడానికి కొన్ని సగాలను మళ్లీ చూపే పద్ధతి) తీస్తే 24 ఫ్రేముల యానిమేషన్ బాగుంటోంది కానీ, వీడియోలో తీసిన ప్రకటనలు, పాకే అక్షరాలు కుదుపులుగా వస్తున్నాయి. ఫైల్ మొత్తాన్నీ సెకనుకు 59.94కి బాబ్ చేసేయడమే (ఒక్కో సగాన్నీ పూర్తి ఫ్రేముగా మార్చడమే) మేలా?