కొండరెడ్ల మీద పీహెచ్‌డీ: డెల్టా విద్యార్థులు చేయవచ్చా?

అమలాపురం విద్యార్థిని:
సమాజశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేశాను. పోలవరం ముంపు వల్ల పాపికొండల ఊళ్లు విడిచి పునరావాస కాలనీలకు చేరిన కొండరెడ్ల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఆదివాసీ అధ్యయనాలు ఆదివాసులే చేయాలనీ, దాళ్వాకు (రబీ వరికి) గోదావరి నీళ్లు అందుకునే ఇంటి పిల్ల ముంపు గురించి రాయడం తగదనీ మా సీనియర్ ఒకరు అన్నారు. పెద్దల అభిప్రాయం కోరుతున్నాను.

రాజమహేంద్రవరం మాస్టారు:
ఆ మాట నేను ఒప్పుకోను. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద ప్రచురించిన గ్రంథాన్ని పక్కన పెట్టి ఈనాటికీ ఎవరూ ఆ తెగ గురించి రాయలేరు. పుట్టుకను బట్టి అర్హత నిర్ణయిస్తే, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కింద పంట పండించుకున్నవారెవరూ గోదావరి గురించి నోరెత్తకూడదు.

దేవీపట్నం నిర్వాసితుడు:
మాస్టారూ, మీరన్నది సగమే నిజం. ఆ గ్రంథం ఇంగ్లీషులో ఉంది. మా తాతలు చెప్పినదేమిటో మా వాళ్లకు చదివి వినిపించినవారిని నేను చూడలేదు. ఎవరు రాశారన్నదాని కంటే, రాసినవారు ఎవరికి జవాబుదారీ అన్నదే నాకు ముఖ్యం. కెనడా జాతీయ పరిశోధనా నైతిక నియమావళిలో ఆదిమ జాతులతో ఎలా మెలగాలో చెప్పేందుకు ఒక అధ్యాయమే ఉంది. ఆస్ట్రేలియాలో ఆదివాసుల పరిశోధనకు ప్రత్యేక నియమావళి 2020లో వచ్చింది. మన పీహెచ్‌డీ కోర్సువర్కులోనూ నైతికత పాఠం లేకపోలేదు గాని, అది చాలావరకు గ్రంథచౌర్యం, ప్రచురణల చుట్టూనే తిరుగుతుంది.

మా కాలనీకి వచ్చిన ఒక పరిశోధకుడు ప్రశ్నావళిలో "ప్రధాన ఆదాయం" అన్న గడి దగ్గర ఆగి మా పెద్దమ్మను అడిగాడు. ఆమె జీలుగు కల్లు, చింతపండు, వెదురు, కొండచీపుర్లు అంటూ ఏ నెలలో ఏది వస్తుందో చెప్పుకుంటూ పోయింది. అతడు "కూలి" అని రాసుకున్నాడు. ఇప్పటి సంగతి అదే, కాదనను. అయితే జీలుగు చెట్టే లేని చోట ఆమె పోగొట్టుకున్నది ఆ గడిలో ఇమడలేదు. వేలిముద్ర వేయించుకుని వెళ్లినవాడు మళ్లీ కనిపించలేదు.

అమ్మా, మీరు తప్పక రండి. కాకపోతే విశ్వవిద్యాలయం కన్నా ముందు మా పెద్దల అనుమతి అడగండి. ఏటా కొత్త మామిడికాయ తినే ముందు మేం చేసుకునే మామిడి కొత్త పండుగ ఒకదాని నుంచి మరుసటి పండుగ దాకా వస్తూ పోతూ ఉండండి. సమర్పించే ముందు రాసినదంతా చదివి వినిపించి, తప్పన్నచోట దిద్దండి. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే కనుక దుబాసీ దొరకలేదన్న సాకు కూడా లేదు.

అమలాపురం విద్యార్థిని:
ధన్యవాదాలండీ. నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు గడువుంది కాబట్టి ఏడాది పొడవునా తిరగడం కష్టమేమీ కాదు. మా గైడు గారు మాత్రం ప్రశ్నావళి ముందే చూపించమంటున్నారు. అది రాయక మునుపే ఒకసారి మీ పెద్దమ్మగారిని కలవవచ్చా?