టెయిల్ రోటర్‌కి ఆరు బ్లేడ్లు: దీన్ని మన యూహెచ్-3హెచ్ అనవచ్చా?

లాసన్స్‌బే_కిట్లు: 1/72 స్కేల్ ప్లాస్టిక్ రెస్క్యూ హెలికాప్టర్ నమూనా పూర్తయింది. పొడవు 23 సెంటీమీటర్లు. కుడి తలుపు పైన వించ్, దాని నుంచి దారంతో వేలాడుతున్న మనిషి. నేవీ డేకి మా అపార్ట్‌మెంట్ హాల్లో పెడుతున్నాం. కింద పలక మీద ‘ఐఎన్‌ఎస్ డేగా, యూహెచ్-3హెచ్’ అని రాయిస్తాను. డేగా అంటే విశాఖలోని నేవీ ఎయిర్ స్టేషన్, యూహెచ్-3హెచ్ అక్కడ పనిచేసిన హెలికాప్టర్. ఫొటోలు చూసి చెప్పండి.

ఎమరీపేపర్: రంగు చక్కగా కుదిరింది. కానీ టెయిల్ రోటర్‌కి, అంటే తోక దగ్గరి ఫ్యాన్‌కి, ఆరు బ్లేడ్లున్నాయి. ఆరుండేది బ్రిటిష్ వెస్ట్‌ల్యాండ్ సీకింగ్‌కి. మన యూహెచ్-3హెచ్‌లు అమెరికా సికోర్‌స్కీ చేసిన సీకింగ్‌లు, 2007లో జలాశ్వ యుద్ధనౌకతో పాటు తీసుకున్న ఆరు హెలికాప్టర్లు. వాటికి ఐదే.

లాసన్స్‌బే_కిట్లు: కిట్ బ్రిటిష్ రెస్క్యూ సీకింగ్ హెచ్‌ఏఆర్.3దే, దాచడం లేదు. వీపు మీద రాడార్ గుమ్మటం పెట్టలేదు. ఆ కన్నం పుట్టీతో పూడ్చి రెండు రోజులు అరగదీశాను. ఇంత చేశాక బ్లేడ్లు ఎవరు లెక్కపెడతారండీ?

గాజువాక_కుర్రోడు: ఒకటి కోసేస్తే సరిపోదా అన్నా?

ఎమరీపేపర్: సరిపోదు తమ్ముడూ. ఆరైతే బ్లేడుకీ బ్లేడుకీ మధ్య 60 డిగ్రీలు, ఐదైతే 72. ఒకటి కోస్తే పన్ను ఊడిన నోరులా ఉంటుంది. హబ్, అంటే మధ్య దిమ్మ, దగ్గర అన్నీ ఊడదీసి మళ్ళీ అతికించాలి. ఫుజిమి కంపెనీ వాళ్ళ అమెరికా సీకింగ్ ఎస్‌హెచ్-3హెచ్ కిట్ కొనుంటే ఈ గొడవే లేదు.

లాసన్స్‌బే_కిట్లు: కొనమనడం తేలిక. పోయినసారి బయటి నుంచి తెప్పిస్తే సుంకం వాచిపోయింది, కిటికీ అద్దాలు పగిలి వచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఎమరీపేపర్: దానికీ దీనికీ సంబంధం ఏమిటి? మావాడు ఒక ఎగ్జిబిషన్‌లో పలక చూసి ప్రాజెక్టులో రాసుకున్నాడు. పలకే తప్పు. క్లాసులో అందరి ముందూ తప్పు చదివించి దిద్దారు. ఆ రాత్రే కిట్లన్నీ అటకెక్కించేశాడు. ఇంకా దించలేదు.

లాసన్స్‌బే_కిట్లు: మీ అబ్బాయి కష్టానికి నన్ను నిలదీస్తారేం? మీకు ప్లాస్టిక్కే కనిపిస్తుంది, మనుషులు కనపడరు. ఆ రోటర్ మా నాన్న అతికించారు. డేగాలో గ్రౌండ్ క్రూ ఆయన. సముద్రం మీద తిరిగొచ్చిన హెలికాప్టర్‌ని ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడిగేవారు. 2024 జూన్ 28న వాటికి వీడ్కోలు పలికారని పేపర్లో చూసి ఈ కిట్ తెరిచారు. చేతులు వణికేవి. రోటర్ ఒక్కటే పూర్తి చేయగలిగారు. మిగతాదంతా ఆయన పోయాక నేను చేశాను. హబ్ పక్కన ఆరిన జిగురులో ఆయన వేలిముద్ర ఉంది. ఊడదీస్తే అది పోతుంది.

గాజువాక_కుర్రోడు: అన్నా, ఊడదీయొద్దు.

ఎమరీపేపర్: క్షమించండి. తెలిసుంటే అలా మాట్లాడేవాణ్ణి కాదు. రోటర్ ముట్టుకోకండి. కానీ రోజూ కడిగిన మనిషికి ఐదని తెలుసు. పెట్టెలో ఆరొచ్చాయి, ఆరు పెట్టారు. అందులో ఆయన తప్పేమీ లేదు. తప్పు చెప్పేది ఆ పలక.

లాసన్స్‌బే_కిట్లు: పలక ఆయన కోసమే.

ఎమరీపేపర్: అయితే ఆయన పేరు రాయండి.

లాసన్స్‌బే_కిట్లు: రాస్తాను. డేగా మాత్రం తీయను. ఇరవై రెండేళ్ళు పనిచేశారక్కడ.

ఎమరీపేపర్: డేగా ఎవరు తీయమన్నారండీ? నేను పొద్దుట్నుంచీ అడుగుతున్నది యూహెచ్-3హెచ్ గురించే.

లాసన్స్‌బే_కిట్లు: పలక ఇంకా రాయించలేదు. అమ్మని అడిగి చెప్తాను.