చికాగో యాడ్లర్ ప్లానెటేరియం: సగం రోజు సరిపోతుందా?

అమ్మాయి దగ్గరికి మే నెలలో వెళ్తున్నాం. కారు లేదు. కోపర్నికస్ విగ్రహం, ప్లానెటేరియం రెండూ ఒకే పూటలో అవుతాయా? అక్కడి నీడ గడియారం తప్పు చూపిస్తుందంటారు, నిజమేనా?
— ఎంవీపీ కాలనీ

అవుతాయండి. రూజ్‌వెల్ట్ స్టేషన్‌లో దిగితే అరగంట నడక, లేదంటే 146 నంబరు బస్సు. విగ్రహం దారిలోనే, సాలిడారిటీ డ్రైవ్ మీద ఉంటుంది. వార్సాలో ఉన్న, శిల్పి థోర్వాల్డ్‌సెన్ చేసిన దానికి నకలు, 1973లో కోపర్నికస్ 500వ జయంతికి పెట్టారు. పొద్దున్నే వెళ్లండి: ఎండ తూర్పు నుంచి భవనాల మీద పడి ఫొటోలు బాగా వస్తాయి. సాయంత్రమైతే సూర్యుడు కెమెరాకి ఎదురు. డోమ్ షో టైము ముందే బుక్ చేసుకోండి. పక్క స్టేడియంలో మ్యాచ్ ఉంటే ఆ రోజు వద్దు.
— పెదవాల్తేరు

గడియారం తప్పు కాదు, మన లెక్కే తప్పు. శిల్పి హెన్రీ మూర్ చేసినది, 1980 నాటిది. చికాగో 87.6° పశ్చిమం, వాళ్ల గడియారాల టైముకి ఆధారమైన ప్రామాణిక రేఖాంశం 90°. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున నీడ 10 నిమిషాలు ముందుంటుంది. వేసవిలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి మొత్తం మీద 50 నిమిషాలు వెనకబడ్డట్టు కనిపిస్తుంది. మేలో ఆ తేడా ఇంకో 3 నిమిషాలు తగ్గుతుంది. మన విశాఖలో ఈ గొడవ లేదు, ఊరి రేఖాంశం 83.3°, దేశ ప్రామాణికం 82.5°, తేడా 3 నిమిషాలే.
— సీతమ్మధార

స్వెట్టర్ మరవకండి. మేలో కూడా సరస్సు గాలి కొరికేస్తుంది, ఆర్కే బీచ్ గాలనుకునేరు!
— గాజువాక