క్లాసులో నోరు విప్పని పిల్లాడు రికమెండేషన్ లెటర్ ఎవరిని అడగాలి?

ప్రశ్న (పదకొండో తరగతి అబ్బాయి అమ్మ)

అందరికీ నమస్తే. మావాడికి ఇంకో రెండు నెలల్లో పదకొండో తరగతి అయిపోతుంది. తర్వాత కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) అమెరికా కాలేజీలకు అప్లై చేయాలి. టీచర్లు ఇద్దరి దగ్గర రికమెండేషన్ లెటర్లు కావాలంటున్నారు. వీడేమో క్లాసులో నోరు విప్పడు. కాల్‌క్యులస్‌లో ఏ ప్లస్ వస్తోంది గానీ, ఆ సారుకి వీడి పేరైనా గుర్తుందో లేదో. ఫిజిక్స్‌లో ఎంత కష్టపడినా బీ దాటలేదు. కానీ స్కూలు అయ్యాక ఆ టీచర్ దగ్గరే కూర్చుని తప్పిన లెక్కలన్నీ మళ్లీ చేసుకుంటాడు, ఆవిడకి వీడంటే అభిమానం. బీ ఇచ్చిన టీచర్ని అడిగితే నష్టమా? వీడికి అడగడమంటేనే టెన్షన్, నేనే ఈమెయిల్ పెట్టొచ్చా?

జవాబు (కెమిస్ట్రీ టీచర్)

ఫిజిక్స్ టీచర్నే అడగమనండి. నేనూ ఇక్కడ హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. సెప్టెంబర్, అక్టోబర్ వచ్చాయంటే నా సాయంత్రాలన్నీ ఈ ఉత్తరాలకే.

మార్కులు ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే స్కూలు పంపే మార్కుల పట్టీలో, ఎలాగూ కనిపిస్తాయి. అందులో కనిపించనిది చెప్పమనే కాలేజీ నన్ను అడుగుతుంది. దగ్గరగా చూడని పిల్లల గురించి, ఏ ప్లస్ వచ్చినా సరే, రెండు వాక్యాలయ్యేసరికి నాకు మాటలు దొరకవు. ల్యాబ్‌లో టైట్రేషన్ ప్రయోగం తప్పిన ప్రతిసారీ బ్యూరెట్ (కొలతల గాజు గొట్టం) కడుక్కుని మళ్లీ మొదలుపెట్టిన ఒకమ్మాయికి మాత్రం పేజీ ఇట్టే నిండింది. ఆ అమ్మాయికి నా క్లాసులో వచ్చింది బీ ప్లస్.

ఉత్తరంతో పాటు కామన్ యాప్ మాకు ఒక ఫారం కూడా ఇస్తుంది. చదువు, రాత, క్లాసులో చర్చ, పట్టుదల, తోటివాళ్ల పట్ల శ్రద్ధ, ఎదురుదెబ్బ తగిలినప్పుడు ఎలా ఉన్నాడు, ఇలా ఒక్కోదానికీ రేటింగ్ ఇవ్వాలి. పై మూడు గళ్లు టాప్ 10 శాతం, 5 శాతం, 1 శాతం. తెలియకపోతే 'చెప్పడానికి ఆధారం లేదు' అనే గడి ఉంటుంది. పేరు గుర్తులేని సారు ఆ గడే ఎక్కువసార్లు నొక్కాల్సి వస్తుంది. ఎదురుదెబ్బ దగ్గర మీ ఫిజిక్స్ టీచర్ ఏం పెడతారో మీకే తెలుసు.

రెండో ఉత్తరం ఇంగ్లిష్ లేదా హిస్టరీ టీచర్‌దైతే మంచిది. ఎంఐటీ అయితే ఒకటి లెక్కలు లేదా సైన్స్ టీచర్ నుంచి, ఇంకొకటి భాషలు, సోషల్ లాంటి సబ్జెక్టుల నుంచి కావాలని చెబుతుంది. కాలేజీ కాలేజీకీ పద్ధతి వేరు, ఒక్కోదాని పేజీ చూసుకోవాలి.

ఈమెయిల్ మీరు పెట్టకండి. అమ్మ అడిగితే నాకు పిల్లాడి గొంతు వినిపించదు. వేసవి సెలవుల ముందే వాణ్ని స్వయంగా వెళ్లి అడగమనండి. చాలా కాలేజీల్లో ముందస్తు అప్లికేషన్ల గడువు నవంబర్ 1, అప్పటికి మా అందరి దగ్గరా రాయాల్సిన ఉత్తరాల వరస పెద్దదే ఉంటుంది. 'నా గురించి గట్టిగా రాయగలననిపిస్తేనే రాయండి మేడమ్' అంటే చాలు. టీచర్ తటపటాయిస్తే థాంక్స్ చెప్పి వచ్చేయాలి. ఇష్టం లేకుండా రాసిన ఉత్తరం చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

జవాబు (కాలేజీ రెండో ఏడాది)

ఆంటీ, నేనూ మాట్లాడని బాపతే. మా హిస్టరీ టీచర్‌కి అవార్డుల లిస్టు ఇవ్వలేదు. ఆవిడ క్లాసులో నేను రాసిన వ్యాసం, దాని మీద ఆవిడ పెట్టిన ఎర్ర గీతలు, తర్వాత నేను మార్చి రాసింది, అన్నీ ఒక పేజీతో కలిపి ఇచ్చాను. మీవాణ్ని ఆ తప్పిన లెక్కల నోటుబుక్ పట్టుకెళ్లమనండి.

ఇంకోటి, టీచర్లకు ఇన్విటేషన్ పంపేముందు కామన్ యాప్ ఫెర్పా ఫారం అడుగుతుంది. ఫెర్పా అంటే విద్యార్థుల రికార్డుల గురించి 1974లో వచ్చిన అమెరికా చట్టం. కాలేజీలో చేరాక ఆ ఉత్తరాలు చూసుకునే హక్కు మనకిస్తుంది. ఆ హక్కు వదులుకుంటున్నానని టిక్ పెట్టమనే మా కౌన్సెలర్ చెప్పారు. అప్పుడే టీచర్ మొహమాటం లేకుండా రాశారని కాలేజీ నమ్ముతుంది.

ప్రశ్న అడిగినావిడ

చాలా థాంక్స్ అండీ. నోటుబుక్ మాట చెప్పగానే మావాడి మొహం తేటపడింది. సోమవారం వెళ్తానన్నాడు. టీచర్‌కి ఏదైనా గిఫ్ట్ ఇవ్వాలా?

కెమిస్ట్రీ టీచర్

వద్దండీ. ఉత్తరం వెళ్లాక వాడే చేత్తో ఒక కార్డు రాసిస్తే సరిపోతుంది. ఏ కాలేజీలో సీటు వచ్చిందో ఏప్రిల్‌లో మర్చిపోకుండా చెప్పమనండి, రాకపోయినా చెప్పమనండి. మేం ఎదురుచూస్తుంటాం.